హార్ట్ ఫెయిల్యూర్‌లో దిగులు, భయం: ఇంట్లో ఏం చేసుకోవాలి, డాక్టర్‌కు ఏం చెప్పాలి

హార్ట్ ఫెయిల్యూర్ (గుండె ఒంటికి కావాల్సినంత రక్తం పంపలేకపోవడం) ఉన్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి చికిత్స అవసరమయ్యేంత డిప్రెషన్ ఉంటుంది. అప్పటివరకు జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2006లో వేసిన లెక్క ఇది. ఆందోళన లక్షణాలు ఇంకా ఎక్కువమందిలో కనిపిస్తాయి. అయినా గుండె డాక్టర్ ఓపీలో బీపీ చూస్తారు, కాళ్ల వాపు నొక్కి చూస్తారు, ఎకో (గుండె స్కాన్) రాస్తారు. బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉంటే, మనసు ఎలా ఉందని అడిగే తీరిక ఉండదు. అడగలేదు కాబట్టి మీరూ చెప్పరు. "ఇంత జబ్బు వచ్చాక దిగులు ఉండదా" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు.

అలా సరిపెట్టుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. దిగులు గుండెకు రెండు రకాలుగా చేటు చేస్తుంది. మనసు చాలాకాలం కుంగి ఉన్నా, భయంలో ఉన్నా అడ్రినలిన్, కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగం, బీపీ పెరిగి, అసలే బలం తగ్గిన గుండె మీద ఇంకా పని పడుతుంది. రెండోది రోజువారీ వ్యవహారం. మనసు బాగోలేనివాళ్లు మాత్రలు సరిగా వేసుకోరు, బరువు చూసుకోరు, ఉప్పు సంగతి పట్టించుకోరు, కాళ్ల వాపు కనిపించినా "రేపు చూద్దాంలే" అంటారు. డిప్రెషన్ కూడా ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లు ఆసుపత్రిలో చేరడం ఎక్కువని, ప్రాణాపాయం కూడా ఎక్కువని పరిశోధనలు చాలాసార్లు చూపించాయి.

పైగా మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే సుమారు పదేళ్ల ముందే, సగటున 60 ఏళ్ల దగ్గర వస్తోంది. కూతురి పెళ్లి, ఇంటి లోన్, పొలం మీద అప్పు ఇంకా తీరని వయసు అది. దిగులుకు కారణాలు వెతుక్కోవాల్సిన పని లేదు. దాన్ని జబ్బులో భాగంగా చూసి, చికిత్స అడగడమే చేయాల్సింది.

మొదటి పని: బరువు రాసే పుస్తకంలోనే మనసు సంగతీ రాయండి

హార్ట్ ఫెయిల్యూర్ ఉంటే రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోమని డాక్టర్లు చెబుతారు. ఆ పుస్తకంలో పక్కన ఇంకో గడి గీయండి. రాత్రి నిద్ర ఎలా పట్టింది, ఈ రోజు ఏదైనా చేయాలనిపించిందా, భయం వేసిందా అన్నది నాలుగు మాటల్లో రాయండి. "రెండింటికి మెలకువ, మళ్లీ నిద్ర లేదు." "మనవడు వచ్చాడు, కాసేపు బాగుంది." అంతే చాలు.

రెండు వారాలకు ఒకసారి ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇవి డాక్టర్లు ప్రపంచమంతా వాడే ప్రశ్నలే. గత రెండు వారాల్లో, చేసే పనుల మీద ఆసక్తి గానీ సంతోషం గానీ లేకుండా ఎన్ని రోజులు గడిచాయి? దిగులుగా, నిరాశగా, ఇక ఏమీ లేదన్నట్టు ఎన్ని రోజులు అనిపించింది? ఒక్కో ప్రశ్నకు అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా రోజులైతే 2, దాదాపు రోజూ అయితే 3 వేసుకోండి. రెండూ కలిపి 3 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. వాళ్లు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికతో వివరంగా చూస్తారు. అందులో 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే చికిత్స గురించి ఆలోచిస్తారు.

నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం అటు గుండెవల్లా వస్తాయి, ఇటు డిప్రెషన్‌వల్లా వస్తాయి. అందుకే వాటితో మాత్రమే తేల్చలేం. మనసు వైపు చూపించే గుర్తులు వేరే ఉన్నాయి. ఇష్టమైన సీరియల్, క్రికెట్, గుడి, మనవల మాటలు దేనిమీదా మనసు పోకపోవడం. "నేను అందరికీ భారమైపోయాను" అన్న మాట పదేపదే రావడం. ఊరికే కన్నీళ్లు రావడం. మగవాళ్లలో చాలాసార్లు ఇది ఏడుపుగా రాదు, చిరాకుగా వస్తుంది. కంచం నెట్టేయడం, చిన్నదానికి అరవడం, ఫోన్ వస్తే "లేనని చెప్పు" అనడం. ఇంట్లోవాళ్లు దీన్ని స్వభావం మారిందని అనుకుంటారు గానీ జబ్బని అనుకోరు.

రెండో పని: ఆయాసం వచ్చినప్పుడు గుండెను ముందు చూడండి

అందరికీ కష్టంగా ఉండేది ఇదే. అర్ధరాత్రి ఊపిరి ఆడక లేచి కూర్చుంటారు. ఛాతీలో దడ, చెమట, చేతులు వణుకు. ఇది భయమా, గుండెలో మళ్లీ నీరు చేరిందా? పానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం, కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. "నీదంతా టెన్షన్" అని ఎవరు చెప్పినా, హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న మనిషి ముందు గుండెనే చూసుకోవాలి.

మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోండి. కిటికీ తీయండి, ఫ్యాన్ వేయండి. ఇంట్లోవాళ్లు ఒక్కరు పక్కన ఉంటే చాలు, అందరూ చుట్టూ మూగితే భయం పెరుగుతుంది. ఇప్పుడు ఇవి చూసుకోండి. పడుకుంటే ఎక్కువై, కూర్చుంటే తగ్గుతోందా? ఈ మధ్య తలగడలు ఒకటి నుంచి మూడుకి పెరిగాయా? మడమల దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోందా? మూడు రోజుల్లో 2 కిలోలకు మించి బరువు పెరిగిందా? వీటిలో ఒక్కదానికైనా అవును అంటే అది నీరు చేరుతున్న గుర్తు. కూర్చున్నాక ఆయాసం పూర్తిగా తగ్గినా సరే తెల్లవారగానే డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఛాతీలో నొక్కేసినట్టు నొప్పి, స్పృహ తప్పడం, పెదవులు నీలంగా మారడం, గులాబీ రంగు నురగతో దగ్గు, కూర్చున్నా తగ్గని ఆయాసం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఇక్కడ ఆలోచించే సమయం లేదు. భయం వల్లేనని తేలి ఇంటికి తిరిగొచ్చినా నష్టం ఏమీ లేదు. "ఊరికే కంగారు పెట్టావు" అని ఆ మనిషిని తర్వాత ఎవరూ అనకండి. ఒకసారి అలా అనిపించుకున్నవాళ్లు మరోసారి నిజంగా ఊపిరి ఆడకపోయినా చెప్పరు.

గుండె గుర్తులు ఏవీ లేవు, బరువు మామూలుగా ఉంది, పల్స్ ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ ఎప్పటిలాగే ఉంది, పది ఇరవై నిమిషాల్లో దానంతట అదే తగ్గుతోంది అంటే అది భయం కావచ్చు. అప్పుడు ముక్కుతో మామూలుగా గాలి పీల్చి, పెదవులు కొంచెం ముడిచి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు నెమ్మదిగా వదలండి. ఊపిరి బిగపట్టే ప్రాణాయామాలు ఈ సమయంలో వద్దు. పక్కనున్నవాళ్లు "కంగారుపడకు" అని పదేపదే అనేకన్నా, తామూ అదే వేగంతో ఊపిరి తీస్తూ కూర్చుంటే ఎక్కువ సాయం. తర్వాత ఆ రాత్రి సంగతి పుస్తకంలో రాయండి: ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఉంది, అంతకుముందు ఏం జరిగింది. ఇలాంటివి రెండు మూడు వచ్చాయంటే తర్వాతి అపాయింట్‌మెంట్ వరకు ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.

ఐసీడీ, అంటే గుండెలో షాక్ ఇచ్చే పరికరం పెట్టించుకున్నవాళ్లకు ఇంకో భయం ఉంటుంది: మళ్లీ షాక్ ఎప్పుడు కొడుతుందో అని. ఒక్క షాక్ వచ్చి, తర్వాత ఒంట్లో బాగానే ఉంటే ఆ రోజే డాక్టర్‌కు తెలియజేయండి. వెంటవెంటనే రెండు మూడు వచ్చినా, షాక్ తర్వాత బాగోలేకపోయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఏం చేయాలో ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించుకుంటే భయం కొంత తగ్గుతుంది.

మూడో పని: ఎకో రిపోర్టు ఎలా చదవాలో తెలుసుకోండి

"ఈఎఫ్ 30 శాతం" అని రిపోర్టులో చూసి, గుండె 30 శాతమే మిగిలింది, 70 శాతం పోయింది అని లెక్క వేసుకుని నెలల తరబడి కుమిలిపోయేవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ లెక్క తప్పు. ఈఎఫ్ అంటే గుండె కింది గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకోవడానికి ఎంత శాతం బయటికి పంపుతోందన్న కొలత. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ అది సుమారు 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. 100 ఎవరికీ ఉండదు. 40 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే పంపింగ్ తగ్గిందంటారు. సరైన మందులతో కొన్ని నెలల్లో ఈఎఫ్ పెరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. అదే సమయంలో, ఈఎఫ్ బాగానే ఉన్నా హార్ట్ ఫెయిల్యూర్ ఉండే రకం కూడా ఉంది. అందుకే ఆ ఒక్క అంకె మీద మీ భవిష్యత్తు లెక్కపెట్టకండి. రిపోర్టు అందుకున్న రోజు రాత్రి యూట్యూబ్‌లో వెతక్కండి. అనుమానాలన్నీ రాసుకుని డాక్టర్‌నే అడగండి.

నాలుగో పని: డాక్టర్‌కు నోరు తెరిచి చెప్పండి

లోపలికి వెళ్లగానే చెప్పండి, మందుల చీటీ చేతికొచ్చాక కాదు. ఇలా చెప్తే చాలు: "డాక్టర్ గారూ, రెండు వారాలుగా ఏ పనిమీదా మనసు పోవడం లేదు. రాత్రుళ్లు భయం వేస్తోంది. ఇది గుండె వల్లా, మనసు వల్లా? దీనికి కూడా చూడండి." పుస్తకం చూపించండి. మాట రాకపోతే పక్కన వచ్చినవాళ్లను చెప్పమనండి.

దిగులులా కనిపించే ఇతర కారణాలు ఉన్నాయేమో చూడమనండి. థైరాయిడ్ తగ్గితే నీరసం, మందకొడితనం, దిగులు అన్నీ వస్తాయి. గుండె లయ కోసం అమియోడరోన్ వాడేవాళ్లలో థైరాయిడ్ తేడా రావడం మామూలే, కాబట్టి వాళ్లు టీఎస్‌హెచ్ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. హిమోగ్లోబిన్, ఐరన్, బి12, రక్తంలో సోడియం కూడా అడగండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే స్లీప్ ఆప్నియా ఉందేమో చూడాలి. హార్ట్ ఫెయిల్యూర్‌లో అది చాలా ఎక్కువ.

గుండె డాక్టర్ మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమంటే వెళ్లండి. "నన్ను పిచ్చి డాక్టర్ దగ్గరికి పంపుతున్నారా" అని నొచ్చుకునేవాళ్లకు ఒక్కటే చెబుతాను: కాళ్ల వాపుకి మందు వేసుకున్నప్పుడు మీకు సిగ్గు వేయలేదు. ఇదీ అదే జబ్బులో భాగం. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎక్కడికీ కదల్లేకపోతే మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ ఉచిత సేవ రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

ఐదో పని: మందుల సంగతి జాగ్రత్తగా

డిప్రెషన్ మందుల్లో సెర్ట్రలిన్‌ను హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో పరీక్షించి చూశారు. 2010లో వచ్చిన ఫలితాల్లో 469 మందిలో అది గుండెకు హాని చేయలేదని తేలింది. అయితే 12 వారాల తర్వాత చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకూ ఇది తీసుకున్నవాళ్లకూ పెద్ద తేడా లేదు. రెండు గుంపుల్లోనూ దిగులు బాగా తగ్గింది. ఆ రెండు గుంపులకూ నర్సుల ఆసరా అందింది. జర్మనీలో ఎస్సిటాలోప్రామ్‌తో చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులోనూ మాత్ర వల్ల అదనపు మేలు కనిపించలేదు.

దీన్నిబట్టి మాత్రలు దండగ అని అనుకోవద్దు, ఇప్పటికే వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు. డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు, ఇంతకుముందు మందుతో బాగుపడినప్పుడు డాక్టర్ రాయవచ్చు, రాస్తారు కూడా. నాకు అర్థమైంది ఏంటంటే, మాత్ర ఒక్కదానితో సరిపెట్టుకుంటే చాలదు. మనిషి ఆసరా, నడక, మాట్లాడే చికిత్స కూడా కావాలి.

ఈ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో వికారం ఉండొచ్చు. నీరు పోయే మాత్రలు కూడా వాడేవాళ్లలో సోడియం పడిపోయే అవకాశం ఉంది. తల తిరగడం, తికమక ఉంటే రక్త పరీక్ష చేయించాలి. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్ వాడేవాళ్లలో రక్తస్రావం అవకాశం కొంచెం పెరుగుతుంది. సిటాలోప్రామ్, ఎస్సిటాలోప్రామ్ రాస్తే ఈసీజీ గురించి అడగండి.

మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే అల్ప్రాజోలం గురించి గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టట్లేదని పక్కింటివాళ్లు ఇచ్చిన మాత్రతో మొదలై మానలేని అలవాటు అవుతుంది. పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. నరాల నొప్పికో నిద్రకో ఎవరో రాసిన అమిట్రిప్టిలిన్ లాంటి పాత రకం మాత్రలు గుండె లయను దెబ్బతీయగలవు. మీరు వాడే ప్రతి మాత్రా, ఆయుర్వేదం, మూలికలతో సహా, ఒక సంచిలో వేసి డాక్టర్‌కు చూపించండి. అమెరికాలో ఉండే మనవాళ్లు దిగులుకని షాపుల్లో దొరికే సెయింట్ జాన్స్ వోర్ట్ వాడొద్దు. రక్తం పలచబడే వార్ఫరిన్, గుండె మందు డిగాక్సిన్ పనితనాన్ని అది తగ్గించేస్తుంది.

ఆరో పని: నడక, రోజుకో చిన్న పని

వ్యాయామానికి ఆధారం గట్టిగా ఉంది. అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో 2,331 మంది హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ల మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, క్రమంగా వ్యాయామం చేసినవాళ్లకు దిగులు కొంత తగ్గింది. వాపు, ఆయాసం అదుపులోకి వచ్చాక డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. మొదటి వారం ఇంటి ముందే ఐదు నిమిషాలు. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే తగ్గించండి. బాగున్న రోజు ఎక్కువ నడిచేసి మర్నాడు మంచం పట్టడం వద్దు, బాగోలేదని పూర్తిగా మానేయడం కూడా వద్దు. వారానికి కొంచెం కొంచెంగా పెంచండి.

కౌన్సెలర్లు చేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాట్లాడే చికిత్స) వల్ల హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లలో డిప్రెషన్ తగ్గిందని 2015లో 158 మందితో చేసిన అధ్యయనం చూపించింది. దానివల్ల మాత్రలు, ఉప్పు విషయంలో శ్రద్ధ దానంతట అది పెరగలేదన్నదీ అందులోనే తేలింది. మనసు కుదుటపడ్డాక కూడా బరువు పుస్తకం, మాత్రల డబ్బా వదలొద్దు.

కౌన్సెలర్ దొరకని ఊళ్లో మీరే మొదలుపెట్టగలిగేది ఒకటుంది. చేయాలనిపించే దాకా ఆగకుండా, రోజుకి ఒక చిన్న పని సమయం పెట్టుకుని చేయండి. పొలానికి వెళ్లలేని రైతు, కొడుకుని వెంటబెట్టుకుని గట్టు దాకా వెళ్లి కూర్చుని చెప్పొచ్చు, ఏ మడికి నీళ్లు పెట్టాలో. ఇల్లంతా నడిపిన అమ్మ కుర్చీలో కూర్చుని కూరగాయలు తరగొచ్చు. "నువ్వు కూర్చోమ్మా, మేం చేస్తాం" అని చేతిలోంచి కత్తి లాక్కోవడం ప్రేమే, కానీ ఆమెకు "నీతో ఇక పని లేదు" అన్నట్టు వినిపిస్తుంది.

ఏడో పని: కోల్పోయినవాటిని తిరిగి కొంత తెచ్చుకోండి

ఆవకాయ లేదు, వడియాలు లేవు, అప్పడం లేదు. ఎండాకాలంలో కూడా నీళ్లు కొలిచి తాగాలి. తిండి మీద ఇంత ఆంక్ష ఉంటే దిగులు వేయడం సహజం, దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గిస్తే ఒక్కరే వేరే కంచం తినే బాధ తప్పుతుంది. నిమ్మరసం, చింతపండు, జీలకర్ర, మిరియాలు, అల్లం, కరివేపాకు, కొత్తిమీర బాగా వాడితే రుచి నిలుస్తుంది. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది. మీ మందులతో కలిసి అది ప్రమాదం కావచ్చు, అడగకుండా వాడొద్దు.

పెళ్లిళ్లకు, ఊళ్లకు వెళ్లడం మానేయడానికి అసలు కారణం చాలాసార్లు నీరు పోయే మాత్రే. బస్సులో మూత్రం ఆపుకోలేనేమోనన్న భయం. సిగ్గుపడి ఎవరూ చెప్పరు. ప్రయాణం రోజున ఆ మాత్ర వేసుకునే సమయం జరపవచ్చా అని డాక్టర్‌ను అడగండి, చాలామందికి కుదురుతుంది. మాత్ర మానేయడం మాత్రం వద్దు. భార్యాభర్తల కలయిక గురించిన భయం కూడా ఇలాగే లోపలే ఉండిపోతుంది. ఆయాసం లేకుండా రెండంతస్తుల మెట్లు ఎక్కగలిగేవాళ్లకు సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇద్దరూ కలిసి డాక్టర్‌ను అడగండి.

డబ్బు దిగులు ఉంటే అదీ చెప్పండి. హార్ట్ ఫెయిల్యూర్‌కు వాడే సాకుబిట్రిల్, వల్సార్టాన్ కలిపిన మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ ఇప్పుడు జెనరిక్‌గా దొరుకుతున్నాయి, ధరలు బాగా తగ్గాయి. ఖరీదని రోజు విడిచి రోజు వేసుకునే బదులు, తక్కువ ధర కంపెనీ రాయమని అడగండి.

చావు ఆలోచనలు వస్తుంటే

"నేను లేకపోతే వీళ్లకు సుఖం" అనే మాట వచ్చిందంటే ఆ రోజే పని మొదలుపెట్టాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లో నుంచి తీసేయండి. డిగాక్సిన్, ఇన్సులిన్, నిద్రమాత్రలు తాళం వేసి, ఏ రోజువి ఆ రోజు మీరే ఇవ్వండి. మనిషిని ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేసి, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అమెరికాలో ఉంటే 988కి ఫోన్ చేయొచ్చు.

చూసుకునేవాళ్లకు

రాత్రి పక్కన ఊపిరి చప్పుడు వింటూ నిద్రపోని భార్య, ఉద్యోగం మానుకుని వచ్చిన కూతురు కూడా కుంగిపోతారు. పైన చెప్పిన రెండు ప్రశ్నలు మీరూ వేసుకోండి, అంకె ఎక్కువ వస్తే మీరూ చూపించుకోండి. వారంలో రెండు రాత్రులు ఇంకొకరు కాపలా ఉండేలా అన్నదమ్ములతో మాట్లాడి ఒప్పించండి. దూరంగా ఉన్న కొడుకు డబ్బు పంపడంతో ఆగకుండా రోజూ ఒకే సమయానికి ఫోన్ చేసి, "మందులు వేసుకున్నావా" అన్న ప్రశ్న కాకుండా ఇంకేదైనా మాట్లాడాలి. రేపటి ఓపీకి పుస్తకం, మాత్రల సంచి, అడగాల్సిన ప్రశ్నల కాగితం ఇవాళ రాత్రే ఒకచోట పెట్టండి.